ఫ్లాష్ వద్దన్న అత్త

అత్త పోయిందన్న కబురు మామే ఫోన్ చేసి చెప్పాడు. నాగర్‌కర్నూల్‌లో కాలేజీలో పాఠాలు చెప్పి గదికి వచ్చి, అప్పుడే పళ్లెం ముందు కూర్చున్నాను. "మీ అత్త పోయిందమ్మా," అన్నాడు. నేను ఇంకా నోరు తెరవకముందే, "తొందరపడి బండి మీద రాకు. బస్సుకు రా," అని పెట్టేశాడు.

వనపర్తి చేరేసరికి ఇంటినిండా జనం. మామ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే పక్కన కూర్చోబెట్టుకుని, ఎలా జరిగిందో చెప్పడం మొదలుపెట్టాడు.

"పగటి అన్నం తిన్నం. ఆమె కుర్చీల ఒరిగింది. మళ్ల నెల హంపికి పోదమనుకున్నం గద. ఏ లెన్సు తీస్కపోవాలెనని లొల్లి వెట్టుకున్నం. నేను కొత్తగ జూమ్ లెన్సొకటి కొందమంటున్న, ఆమె ఆ చిన్నదే చాలంటున్నది. నేను నా ముచ్చట చెప్పుకుంట పోయిన. ఎంతకూ జవాబు రాలే. నేనే గెలిచిన అనుకున్న."

భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న గెలిచిన్నా నేను? అప్పుడే అనుమానం రావాల్సుండె నాకు."

ఏడుస్తున్న వాళ్లలో ఎవరో ఫక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరా అని తిరిగి చూస్తే మా అమ్మ.

ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే నాకూ అదే ఇబ్బంది. అత్తను తలుచుకుంటే ఏడుపు కంటే ముందు నవ్వే వస్తుంది. చదివేవాళ్లు మన్నించాలి.

ఆమె మా నాన్నకు అక్క. మాది ఖిల్లా ఘణపూర్ దగ్గర మెట్ట పొలాల ఊరు. అక్కడి నుంచి వచ్చి వనపర్తిలో ఆడపిల్లల సర్కారు బడిలో హిందీ టీచరుగా పనిచేసి రిటైరైంది. బడి వరండాలో ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పిల్ల చేతిలోంచి సుద్దముక్క జారిపడేదట. మామ కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టరు. గద్వాల, అయిజ, మానవపాడు అంతా తిరిగి రిటైరై ఇంట్లో కూర్చున్నాడు. పిల్లలు లేరు. ఆ లోటు ఇంట్లో ఎక్కడా కనబడేది కాదు. ఇద్దరూ వాదించుకుంటే నలుగురు పిల్లలున్న ఇంటికంటే ఎక్కువ చప్పుడు వచ్చేది.

పగలంతా అంత హుషారుగా ఉండే మనిషి పొద్దుగూకితే వేరు. పెళ్లికి వస్తే ఎండ ఉండగానే అక్షింతలు వేసి వెళ్లిపోయేది. సాయంత్రంపూట వీధిలో ఎదురుపడితే పలకరించకుండా పక్కనుంచి సాగిపోయేది. "పొద్దుగూకితే టీచరమ్మకు పొగరెక్కుతది," అని చుట్టాలు అనేవాళ్లు. ఒకసారి అయిజలో ఏదో పెళ్లిలో, మసక వేళకు పందిరి పక్కన కట్టేసిన బర్రె ముందు నిలబడి, "బాగున్నవా వదినా?" అని అడిగింది. బర్రె తల ఊపింది. అది విన్నవాళ్లు, పక్కనే ఉన్న అయిజ వదినను టీచరమ్మ బర్రెతో పోల్చి వెక్కిరించిందనుకున్నారు. ఆ వదిన చాలాకాలం మా గడప తొక్కలేదు. అత్త ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

ఇక వాళ్ల ఇంటి సంగతి. గేటు దగ్గర లైటు, గేటు నుంచి గడప దాకా లైట్లు, మెట్టుమెట్టుకు బల్బు, బట్టలు ఆరేసే తీగ మీద కూడా బల్బు. కరెంటాయన ఇల్లు గదా, ఉత్తగ వస్తదని వెలిగిస్తున్నడని వాడకట్టంతా గుసగుస. దీపావళికి మా ఇంట్లో కూడా అంత వెలుతురు ఉండేది కాదు. నేను చిన్నప్పుడు అక్కడ పడుకోవడానికి వెళ్తే కళ్లకు తువ్వాల కట్టుకుని పడుకునేదాన్ని.

ఇద్దరూ రిటైరయ్యాక టూర్లు మొదలయ్యాయి. మొదటిది వాడకట్టు వాళ్లతో కలిసి కాశీ. మామ దగ్గర అరచేతిలో పట్టే పాత కెమెరా ఒకటి ఉండేది. దేన్ని తీసినా ఫ్లాష్ కొట్టేది. గంగ హారతిని కూడా దానితోనే తీశాడు. తిరిగొచ్చాక ఆ ఫొటోలు చూడటానికి అందరం కూర్చున్నాం. ఎదురుగా నిలబడ్డవాడి బట్టతల తెల్లగా మెరుస్తోంది. దాని వెనక అంతా నలుపు. ఆ నలుపులో హారతి ఉందని మామ అన్నాడు.

అత్త ఆ ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "కాశీకి పోయి గుండు జూసొచ్చిన," అంది. మర్నాడు నాకు ఫోన్ చేసింది.

"బిడ్డా, ఇంట్ల కంప్యూటర్ చదివినదానివి నువ్వొక్కదానివే. చీకట్ల మంచిగ తీసే కెమెరా ఏదో జర చూసి చెప్పు. పగటి ఫొటోలు ఎట్లొచ్చినా ఫరవాలేదు."

"చీకట్లోనే ఎందుకత్తా?"

"పగలు నాకు కండ్లున్నయ్ గద," అంది. ఆ మాట నాకు జోకులాగే వినిపించింది.

అప్పటినుంచి రోజూ దీపాలు పెట్టే వేళకు ఫోన్. నేను కాలేజీలో పిల్లలకు చెప్పేదానికంటే ఎక్కువ ఆమెకు చెప్పాల్సి వచ్చింది. లెన్సు మీద రాసి ఉండే ఎఫ్ నంబరు ఎంత తక్కువైతే లెన్సు కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుందనీ, అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుందనీ చెప్పాను.

"తక్కువ నంబరోనికి పెద్ద కండ్లా?"

"అవునత్తా."

"మా బడిల గూడ గంతే. తక్కువ మార్కులొచ్చినోళ్లే కిటికిలకెల్లి లోకమంత జూస్తుండిరి."

చీకట్లో తీయాలంటే కెమెరాలో ఐఎస్ఓ అనేది పెంచాలి, మరీ పెంచితే ఫొటో మీద ఇసుక చల్లినట్టు గింజలు కనబడతాయి అన్నాను. "ఇసుకుంటే ఉండనీ, మనిషి ఆనవాలు దొరుకుతది గద," అంది. లోపల వెలుతురును పట్టుకునే సెన్సార్ పెద్దదైతే ఆ ఇసుక తగ్గుతుంది, కానీ కెమెరా బరువెక్కుతుంది అన్నాను. "మోసేది మీ మామనే," అంది. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చెయ్యి వణికినప్పుడు బొమ్మ చెదురుతుంది, ఆ వణుకును సర్దుకునే ఏర్పాటు కొన్ని కెమెరాల్లో ఉంటుంది అన్నాను. పక్కనుంచి మామ గొంతు వినిపించింది: "ఆమె మాట్లాడ్తుంటే నాకొచ్చే వణుకును గూడ సర్దుతదేమో అడుగు."

మామకు అసలు ఈ తతంగమే అర్థం కాలేదు. ఆయన లెక్కలో చీకటికి ఒకటే మందు. "గిన్ని తిప్పలెందుకే? బ్యాటరీది ఫ్లడ్ లైటొకటి పట్టుకపోదం. నేను పట్టుకోని నిలబడ్త. ఎవని కెమెరాతోనన్న తియ్యి," అన్నాడు. అత్త ఫోన్ పక్కన పెట్టకుండానే ఆయనకు సమాధానం చెప్పింది. "హారతికాడ ఫ్లడ్ లైట్ వేస్తే పూజారి పళ్లెం వెట్టి పారిపోతడు. చీకటిని చీకటి లెక్కనే తియ్యాలె. ఫ్లాష్ కొడితే మనుషులు సున్నం గోడలైతరు, ఎనకున్నదంత సచ్చిపోతది."

ఈ మాటలు ఆ తర్వాత నేను ఎన్నిసార్లు విన్నానో. చివరికి ముగ్గురం కలిసి కెమెరా కొనడానికి హైదరాబాద్ వెళ్లాం.

దుకాణంలో అమ్మే అతను మర్యాదస్తుడే. పెద్దావిడ అని కుర్చీ వేసి, పెద్ద డీఎస్ఎల్ఆర్ ఒకటి, దానికి బారెడు జూమ్ లెన్సు ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. "మేడం, దీంతో చంద్రుడి మీద గుంతలు కూడా తీయొచ్చు," అన్నాడు.

"గుంతలు మా రోడ్డు మీద మస్తున్నయ్. మీ దుకాణంల చీకటి గది యాడున్నది నాయనా?"

అతను బిత్తరపోయాడు. ఆమె వదల్లేదు. "కొనేటప్పుడు చీర రంగు ఎండల జూస్తం గద. చీకటి కెమెరా చీకట్ల జూడొద్దా?" అంది. పాపం, అతను వెనకనున్న సామాన్ల గది చూపించాడు. అత్త, నేను లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాం. మామ బయటే నిలబడ్డాడు.

ముందు ఆ పెద్ద కెమెరా కంటికి పెట్టుకుంది. "నల్లగున్నది," అంది. అది అద్దంలోంచి ఉన్నదున్నట్టు చూపించే రకం. గదిలో చీకటి ఉంటే అందులోనూ చీకటే. పక్కన పెట్టి, నేను కౌంటరు మీదనుంచి తెచ్చిన, అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా చేతిలోకి తీసుకుంది. కాస్త చిన్నది. ముందు జూమ్ లేని పొట్టి లెన్సు, ఎఫ్ నంబరు తక్కువది. ఇందులో కంటితో నేరుగా చూడం. వచ్చిన కాస్త వెలుతురునూ పెంచి తెర మీద చూపిస్తుంది.

అత్త ఆ తెర వంక చూస్తూ మెల్లగా గది చుట్టూ తిప్పింది.

"గా మూలకు చీపురున్నది," అంది.

నేను ఊఁ అన్నాను.

"నీళ్ల డబ్బా ఉన్నది. దాని మీద గ్లాసు బోర్లించిండ్రు. గోడకు క్యాలెండరున్నది. నెల మార్చలే బద్దకపోళ్లు."

ఆమె గొంతులో ఉన్న సంబరానికి నాకు నవ్వొచ్చింది. చీపురునూ నీళ్ల డబ్బానూ చూసి అంత మురిసిపోయేదేముంది? తలుపు సందులోంచి వచ్చే వెలుగుకు ఈలోగా నా కళ్లు అలవాటు పడ్డాయి. చీపురు, డబ్బా, క్యాలెండరు, అన్నీ నాకు కెమెరా లేకుండానే కనబడుతున్నాయి. అప్పుడు తట్టింది.

"అత్తా, కెమెరా లేకుండా నీకు ఆ చీపురు కనిపిస్తలేదా?"

ఆమె కెమెరా దించలేదు. "లేదు బిడ్డా. చిన్నప్పటిసంది," అంది.

బయటినుంచి అమ్మే అతను తలుపు తట్టాడు. "మేడం, అంతా ఓకేనా?"

"ఓకే నాయనా. మీ క్యాలెండర్ మార్చుకోండి," అంది అత్త.

తర్వాత ఛాయ్ తాగుతూ చెప్పింది. ఆమెకు రేచీకటి. పొద్దు వాలితే చాలు, దీపం కింద తప్ప ఇంకేమీ కనబడదు. పిల్లకు చూపు లేదంటే పెండ్లి కాదని మా నాయనమ్మ ఎవరికీ చెప్పొద్దన్నది. చెప్పకపోవడం అట్లాగే అలవాటైపోయింది. తమ్ముడైన మా నాన్నకు కూడా తెలియదు. దయ్యాలంటే భయమని కొందరు, పొగరని కొందరు అనుకున్నారు. రెండింటిలో పొగరే నయమనిపించి అదే ఉంచుకుందట.

"మామకు చెప్పావా?"

"చెప్పేదేంది?" అన్నాడు మామ. "పెండ్లయిన కొత్తల అన్నం వెడుతుంటే కరెంటు వోయింది. ఏమీ కానట్టు పప్పు తెచ్చి నా ఒళ్లె పోసింది. మళ్ల అడుగుతది, ఇంకొంచెం వెయ్యాల్నా అని."

"మరి నువ్వేమన్నావు?"

"చాలన్న. తెల్లారి స్తంభమెక్కేటోన్ని పిలిచి ఇంట్ల లైట్లు పెట్టిచ్చిన."

బట్టలు ఆరేసే తీగ మీద బల్బు ఎందుకుందో అప్పుడు తెలిసింది నాకు. కొన్నేళ్లుగా చూపు పక్కలనుంచి కూడా కుంచించుకుపోతోందనీ, దవాఖానలో దీనికి మందు లేదన్నారనీ మామ చెప్పాడు. అత్త మాట మార్చింది. "గందుకే జర జల్ది తిరగాలె. టూర్లకు ఆలస్యం చేస్తే మీ మామ ముసలోడైతడు," అంది.

మిర్రర్‌లెస్సే కొన్నాం. లెన్సు దగ్గర మళ్లీ గొడవ. జూమ్ ఉంటే నిలబడ్డ చోటునుంచే దూరానివి తీయొచ్చు కదా అని మామ. కానీ ఆ జూమ్ కన్ను చిన్నది, చీకట్లో పనికిరాదు. "దూరముంటే నడిచిపోత, కాళ్లున్నయ్ గద," అంది అత్త. "చీకట్ల నువ్వు నడిస్తే ఏమైతదో నా ఒళ్లును అడుగు," అన్నాడు మామ. పొట్టి లెన్సే గెలిచింది.

ఆ తర్వాత వాళ్లు తిరిగిన తిరుగుడు చూడాలి. అలంపురం గుళ్లలో ఎండ దూరని మూలలు, జూరాల దగ్గర పొద్దుగూకే వేళ జాలర్లు, ఘణపూర్ కోట మీద తెల్లవారకముందు మసక. పగలంతా గదిలో నిద్రపోయి, అందరూ తిరిగొచ్చే వేళకు వీళ్లు బయల్దేరేవాళ్లు. అత్త కెమెరాను ముఖం ముందు పట్టుకుని, తెర చూసుకుంటూ నడిచేది. వెనక మామ ఒక చేత్తో ఆమె కొంగు, ఇంకో చేత్తో ట్రైపాడ్ పట్టుకుని. గద్వాలలో ఒక సాయంత్రం మిర్చి బజ్జీలు వేసే ఆమె వీళ్లను చూసి, కొంగు సర్దుకుని నిలబడి, "ఏ ఛానలమ్మా?" అని అడిగింది. "హిందీ," అంది అత్త, తడుముకోకుండా.

ఇప్పుడు సాయంత్రాలు మనుషుల ఆనవాలు దొరుకుతోంది కాబట్టి పలకరింపులు మొదలయ్యాయి. కెమెరా ఎత్తి, ఎదుటివాళ్ల ముఖానికి గురిపెట్టి, ఫోకస్ కుదిరాక, "ఆఁ, నువ్వా వదినా! బాగున్నవా?" అనేది. దానికి చుట్టాలు ఏమన్నారో తెలుసా? "టీచరమ్మకు పొగరు ఇంకింత పెరిగింది. ఇప్పుడు మనతోని కెమెరాలకెల్లే మాట్లాడ్తది." అయిజ వదిన మాత్రం మళ్లీ ఇంటికి రావడం మొదలుపెట్టింది. అత్త ఆమెకు అసలు సంగతంతా చెప్పేసింది. ఆమె నవ్వి నవ్వి, "అయితే ఆ బర్రె నా లెక్కున్నదనే గద," అని మళ్లీ కొంతసేపు అలిగింది.

నేను వాళ్లతో వెళ్లింది సోమశిలకు. చలికాలం. కృష్ణ ఒడ్డున ఒక గది తీసుకున్నాం. పొద్దు పడిపోయి, నీళ్లూ గుట్టలూ కలిసిపోయాక, అత్త ఒడ్డుకు పోదామంది. గది లైట్లకు దూరంగా, పడవలు కట్టేసిన చోట మామ ట్రైపాడ్ నిలబెట్టాడు. నీళ్లను తీయాలని ఆమె ఆలోచన. షట్టర్ కాసేపు తెరిచి ఉంచాలి కాబట్టి కదలొద్దని చెప్పాను. కెమెరా నీళ్లకంటే కొంచెం పైకి తిరిగి ఉందని ఎవరమూ గమనించలేదు.

ఫొటో తెర మీదికి వచ్చింది. అత్త చూసి ముఖం చిట్లించింది.

"దుమ్ము వడ్డది. లెన్సంత దుమ్మే. నేను చెప్పలే, సంచి మూతి సరిగ కట్టుమని?" అని మామను కసిరి, సంచిలోంచి గాలి కొట్టే రబ్బరు బుడ్డి తీసి లెన్సు మీద కసకస కొట్టింది. మెత్తని గుడ్డతో తుడిచింది. మళ్లీ తీసింది. మళ్లీ అదే దుమ్ము.

"పోతలేదు బిడ్డా. కెమెరా ఖరాబయిందా ఏంది?" నిజంగానే పరేషాన్ అయింది.

నేను వంగి తెర చూశాను.

"అత్తా, అది దుమ్ము కాదు. చుక్కలు."

"ఏం చుక్కలు?"

"ఆకాశంల ఉండే చుక్కలే."

ఆమె తెరను ముఖానికి ఇంకా దగ్గరగా తెచ్చుకుంది. తల ఎత్తి పైకి చూసింది. పైన ఆమెకు ఏమీ లేదు. మళ్లీ తెర చూసింది.

"గిన్నున్నయా?" అంది.

తెర మీద వేలితో లెక్కబెట్టబోయి, మధ్యలోనే వదిలేసింది.

"బడిల తారే, సితారే అని ఇన్నేండ్లు పాఠం చెప్పిన. నాకు అమాసకో పున్నమికో ఒకటి కనిపిస్తుండె, మెరుస్తుండె. గసొంటివి ఇంకో నాలుగుంటయనుకున్న. గిన్నున్నయని ఒక్కలన్న చెప్పిండ్రా నాకు?" ఇప్పుడామె గొంతులో నిజంగా కోపం. మామ మీదకు తిరిగింది. "నువ్వు చెప్పొచ్చు గద! స్తంభాలెక్కి దగ్గరికెల్లి జూసినోనివి!"

"అందరికీ తెలిసిందే గదనే," అన్నాడు మామ, తప్పు చేసినవాడిలా. "తెలిసినదాన్ని ఎవరు చెప్తరు?"

ఆ సాయంత్రం ఆమెను గదికి తీసుకురావడం మా వల్ల కాలేదు. చలికి పళ్లు కొట్టుకుంటున్నా కెమెరాను ఆకాశంలో ఒక్కో వైపుకు తిప్పించి తీయించింది. ప్రతిసారీ తెర వెలగగానే వేలు పెట్టి, "ఈడ గూడ ఉన్నయ్," అనేది, ఎవరో దాచిపెట్టిన సామాను పట్టుకున్నట్టు. అన్నం సంగతి మామ గుర్తు చేస్తే, "చల్లారిన అన్నం ఎన్నడన్న తినొచ్చు," అంది.

ఇది పోయిన చలికాలం మాట.

ఆమె పోయిన మర్నాడు ఇంటిముందు కట్టే ఫ్లెక్సీకి ఫొటో కావాలన్నారు. వెతకడం మొదలుపెడితే అప్పుడు తెలిసింది మాకు. ఆమె తీసిన ఫొటోలు లెక్కలేనన్ని ఉన్నాయి గానీ, ఆమెది ఒక్కటీ లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉంది కదా. మామ పాత కెమెరాతో తీసినవాటిలో ఫ్లాష్ దెబ్బకు ఆమె కళ్లు మూసుకునే ఉన్నాయి. చివరికి మామ ఫోన్‌లో ఒకటి దొరికింది. సోమశిలలో తీశాడట, నాకు కూడా తెలియకుండా. చుట్టూ చీకటి. అత్త తల వంచుకుని ఉంది. కెమెరా తెర వెలుగు ఆమె గడ్డం మీద, ముక్కు మీద, కళ్లద్దాల మీద పడింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నిండా ఇసుకలాంటి గింజలు. తీసేటప్పుడు మామ చెయ్యి కూడా కాస్త కదిలింది.

ఫ్లెక్సీలు చేసే అతను ఫొటో చూసి పెదవి విరిచాడు. "మస్తు చీకటున్నది సార్. మొకం తెల్లగ చేసి, ఎనక మబ్బులు, తామరపువ్వులు పెడ్త," అన్నాడు.

"ఏం పెట్టొద్దు," అన్నాడు మామ. "చీకటి అట్లనే ఉండనియ్యి."

ఫ్లెక్సీని గేటు పక్కన కరెంటు స్తంభానికి కట్టారు. మధ్యాహ్నం పూట మామ, నేను అక్కడే నిలబడి ఉన్నాం. అటుగా వెళ్లే ఒకామె కూరగాయల గంప దించి, దాన్ని చాలాసేపు చూసింది.

"టీచరమ్మ తలకాయ వంచుకోని ఫోన్ జూస్తున్నదా?" అని అడిగింది.

"కాదమ్మా," అన్నాడు మామ. "ఆకాశం జూస్తున్నది."

ఆమె ఒకసారి ఫ్లెక్సీ వైపు, ఒకసారి మామ వైపు చూసింది. తర్వాత చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, తల ఎత్తి, మండే ఎండలోకి కళ్లు చికిలించుకుంటూ చాలాసేపు పైకి చూసింది.